కొత్త లైనక్స్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ కనెక్ట్ కావట్లేదా? రీఇన్‌స్టాల్ చేసే ముందు ఆ ఎర్రర్ మెసేజ్ చదవండి

పాత ల్యాప్‌టాప్ మూలన పడేసే బదులు దాంట్లో ఉబుంటు సర్వర్ వేసి, ఇంట్లోవాళ్ల ఫోన్ ఫొటోలన్నీ బ్యాకప్ చేసుకుందామని నేనూ ఒకసారి మొదలుపెట్టాను. ఇన్‌స్టాలేషన్ అరగంటలో అయిపోయింది. నా విండోస్ ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అయింది. చెల్లి పెళ్లి ఫొటోలు, వీడియోలు అందులోకి కాపీ చేసి, ఫోన్‌లో స్పేస్ కోసం అక్కడివి డిలీట్ కూడా చేసేశాను. పని అయిపోయిందని ల్యాప్‌టాప్ మూత వేసి, టీవీ వెనక పెట్టి పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే కనెక్ట్ కావట్లేదు. "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని వస్తోంది. మూత తెరిస్తే స్క్రీన్ నల్లగా ఉంది. హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కిపట్టాను, పెన్‌డ్రైవ్ పెట్టాను, మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేశాను. డిస్క్ మొత్తం చెరిగిపోయింది, దాంతోపాటు పెళ్లి ఫొటోలూ పోయాయి. ఆ మర్నాడు మళ్లీ అదే ఎర్రర్.

అసలు కారణం ఏంటో తెలుసా? మూత వేస్తే ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లిపోతోంది. అంతే! ఒక్క లైన్ సెట్టింగ్‌తో పోయేదానికి ఫొటోలు పోగొట్టుకున్నాను.

అందుకే ఈ ఆర్టికల్. కనెక్షన్ రాకపోతే రీఇన్‌స్టాల్ చేయడం ట్రబుల్‌షూటింగ్ కాదు. ఎర్రర్ మెసేజ్ మనకి తిట్టులాగా కనిపిస్తుంది కానీ, నిజానికి అది "నువ్వు ఇంతదాకా వచ్చి ఆగిపోయావు" అని చెప్పే గుర్తు. ఎక్కడ ఆగామో తెలిస్తే వెతకాల్సిన చోటు నాలుగో వంతుకి తగ్గిపోతుంది.

ముందుగా ఒక మాట: ఇక్కడ కమాండ్లను చదివే పద్ధతిలోనే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో టైప్ చేయాలి. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను. ఉదాహరణకి "సిస్టమ్‌సీటీఎల్" అంటే సిస్టమ్ అనే మాట, దాని వెంటనే గ్యాప్ లేకుండా సీ, టీ, ఎల్.

ఎస్‌ఎస్‌హెచ్ అసలు ఏం చేస్తుంది?

1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అప్పట్లో రిమోట్ లాగిన్‌కి వాడే టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఏ తాళం లేకుండా వైర్ మీద వెళ్లేది. అది చూసి అక్కడే పనిచేస్తున్న టాటు యూలోనెన్ అనే ఆయన ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశారు. ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23, మధ్యలో ఖాళీగా ఉన్న 22వ నంబర్ పోర్ట్‌ను అడిగి తీసుకున్నారు. ఇప్పుడు మన లైనక్స్ సర్వర్లలో ఉండేది ఎక్కువగా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. దీన్ని 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు విడుదల చేశారు.

మీ వైపు కావాల్సింది ఒక క్లయింట్. విండోస్ 10లో 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి ఇది బిల్టిన్‌గా వస్తోంది, పవర్‌షెల్ తెరిస్తే చాలు. మ్యాక్‌లో, లైనక్స్‌లో ఎలాగూ ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే టెర్మక్స్ యాప్‌లో "పీకేజీ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్" అని కొడితే వచ్చేస్తుంది. కనెక్ట్ అయ్యే కమాండ్ అన్నిట్లోనూ ఒకటే:

ఎస్‌ఎస్‌హెచ్ యూజర్‌నేమ్@192.168.1.50

మీరు ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్రెండ్ ఫ్లాట్‌కి వెళ్తున్నారనుకోండి. ముందు అడ్రస్ సరిగ్గా ఉండాలి. తర్వాత గేట్ దగ్గర వాచ్‌మన్ లోపలికి పంపాలి. తర్వాత ఇంట్లో మనిషి ఉండాలి. చివరగా ఆ మనిషి మిమ్మల్ని గుర్తుపట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్‌లోనూ ఇవే నాలుగు మెట్లు: అడ్రస్, ఫైర్‌వాల్, సర్వీస్, లాగిన్. ఒక్కో మెట్టు దగ్గర ఆగిపోతే ఒక్కో రకం మెసేజ్ వస్తుంది.

మెసేజ్ 1: "కనెక్షన్ టైమ్డ్ అవుట్"

మీరు తలుపు కొట్టారు, ఎవరూ పలకలేదు. "లేడు" అని కూడా ఎవరూ చెప్పలేదు. అంటే మీ రిక్వెస్ట్ సర్వర్ దాకా చేరలేదు, లేదా మధ్యలో ఎవరో దాన్ని చప్పుడు చేయకుండా పారేశారు. పాస్‌వర్డ్ తప్పా, కీ తప్పా అని ఈ దశలో ఆలోచించడం దండగ. మీరింకా అక్కడిదాకా వెళ్లలేదు.

ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉంటే కొన్నిసార్లు దీని బదులు "నో రూట్ టు హోస్ట్" అని వస్తుంది. దాని అర్థం ఎక్కువసార్లు ఆ ఐపీ అడ్రస్‌లో ఇప్పుడు ఏ మెషీనూ మేలుకుని లేదు అని.

ఈ వరసలో చూడండి.

అడ్రస్ మారిందా? సర్వర్‌కే కీబోర్డు, మానిటర్ పెట్టి "ఐపీ ఏ" అని కొట్టండి. ఇంట్లో రౌటర్ డీహెచ్‌సీపీ ద్వారా అడ్రస్‌లు పంచుతుంది కాబట్టి, నిన్న 192.168.1.50 ఉన్నది రీస్టార్ట్ తర్వాత 192.168.1.57 అయి ఉండొచ్చు. శాశ్వత పరిష్కారం: రౌటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ పెట్టేయండి.

మెషీన్ నిద్రపోతోందా? పాత ల్యాప్‌టాప్ అయితే నా కథే మీది కూడా కావచ్చు. /ఈటీసీ/సిస్టమ్‌డీ/లాగిన్‌డీ.కాన్ఫ్ అనే ఫైల్‌లో "హ్యాండిల్‌లిడ్‌స్విచ్" అనే లైన్ ఉంటుంది. ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, విలువను "ఇగ్నోర్" అని మార్చి, ఒకసారి రీబూట్ చేయండి. ఇక మూత వేసినా మెషీన్ మేలుకునే ఉంటుంది.

రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా? ఫోన్ గెస్ట్ వైఫైలో, సర్వర్ మెయిన్ వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనిపించవు. కొన్ని రౌటర్లలో ఏపీ ఐసొలేషన్ అనే సెట్టింగ్ ఉంటుంది. ఇక్కడ ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, యాక్సెస్ పాయింట్! అది ఆన్‌లో ఉంటే ఒకే వైఫైలో ఉన్న డివైజ్‌లు కూడా మాట్లాడుకోలేవు. హాస్టల్, కాలేజ్ వైఫైల్లో ఇది మామూలే.

వర్చువల్‌బాక్స్‌లో వేశారా? సర్వర్ ఐపీ 10.0.2.15 అని కనిపిస్తే అది డీఫాల్ట్ న్యాట్ మోడ్. బయటి నుంచి దాన్ని చేరుకోలేరు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో బ్రిడ్జ్‌డ్ అడాప్టర్‌కి మార్చండి, లేదా పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టండి.

క్లౌడ్ సర్వరా? సర్వర్ లోపలి ఫైర్‌వాల్ కాకుండా బయట ఇంకొకటి ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో దాన్ని సెక్యూరిటీ గ్రూప్ అంటారు. అందులో టీసీపీ 22 పోర్ట్ లోపలికి అనుమతించకపోతే, సర్వర్ లోపల ఎన్ని మార్పులు చేసినా టైమ్డ్ అవుటే వస్తుంది.

చాలామంది ఇక్కడ పింగ్ చేసి చూస్తారు. పింగ్ వస్తే మెషీన్ ఆన్‌లో ఉందని తెలుస్తుంది. కానీ పింగ్ రాకపోతే మెషీన్ లేదని కాదు. క్లౌడ్‌లో పింగ్‌ను బ్లాక్ చేయడం మామూలు విషయం. పింగ్ వచ్చినంత మాత్రాన 22 పోర్ట్ తెరిచి ఉందనీ కాదు. నేరుగా పోర్ట్‌నే అడగండి. లైనక్స్, మ్యాక్‌లో:

ఎన్‌సీ -జెడ్‌వీ 192.168.1.50 22

విండోస్ పవర్‌షెల్‌లో:

టెస్ట్-నెట్‌కనెక్షన్ 192.168.1.50 -పోర్ట్ 22

"సక్సీడెడ్" అనో "ట్రూ" అనో వస్తే మొదటి రెండు మెట్లూ ఎక్కేసినట్టే.

మెసేజ్ 2: "కనెక్షన్ రిఫ్యూజ్డ్"

వినడానికి ఇది కఠినంగా ఉంటుంది కానీ నిజానికి మంచి వార్త. తలుపు కొడితే లోపలి నుంచి జవాబు వచ్చింది: "ఇక్కడ అలాంటివాళ్లు ఎవరూ లేరండీ" అని. అంటే అడ్రస్ కరెక్టే, మెషీన్ మేలుకునే ఉంది, నెట్‌వర్క్ బాగానే ఉంది. 22 పోర్ట్ దగ్గర వినడానికి ఎవరూ కూర్చుని లేరు, అంతే.

కొత్త సర్వర్లలో దీనికి మొదటి కారణం చాలా చిన్నది: ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ అసలు ఇన్‌స్టాలే కాలేదు. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లో ఒక స్క్రీన్ మీద "ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్" అనే చెక్‌బాక్స్ వస్తుంది. దాన్ని మనమే టిక్ చేయాలి. ఎంటర్, ఎంటర్ అని కొట్టుకుంటూ పోతే అది దాటిపోతుంది. ఉబుంటు డెస్క్‌టాప్ ఎడిషన్‌లో అయితే క్లయింట్ ఉంటుంది, సర్వర్ ఉండదు. సర్వర్ ముందు కూర్చుని ఈ రెండూ కొట్టండి:

సుడో ఏపీటీ అప్‌డేట్
సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్

ఇన్‌స్టాల్ అయ్యే ఉంటే నడుస్తోందో లేదో చూడండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎస్‌ఎస్‌హెచ్

ఫెడోరా, ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ లాంటి వాటిలో సర్వీస్ పేరు ఎస్‌ఎస్‌హెచ్‌డీ. చివర డీ మర్చిపోయి, సర్వీసే లేదంటోందని కంగారు పడకండి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఉబుంటు 22.10 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ ఎప్పుడూ నడుస్తూ ఉండదు. దాని బదులు ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్ అనేది తలుపు దగ్గర కాపలా కాస్తూ, ఎవరైనా వచ్చినప్పుడు సర్వీస్‌ను లేపుతుంది. అందుకే ఉబుంటు 24.04లో స్టేటస్ "ఇనాక్టివ్" అని కనిపించినా కనెక్షన్ పనిచేయొచ్చు. నిజంగా ఎవరైనా వింటున్నారా అని తేల్చేది ఈ కమాండ్:

సుడో ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్‌పీ

వచ్చే లిస్ట్‌లో :22 అనే లైన్ కోసం చూడండి. 0.0.0.0:22 లేదా [::]:22 లేదా *:22 అని ఉంటే బయటివాళ్ల కోసం వింటోంది. 127.0.0.1:22 అని మాత్రమే ఉంటే తనతో తనే మాట్లాడుకుంటోంది. అప్పుడు కాన్ఫిగ్ ఫైల్‌లో "లిజన్‌అడ్రస్" లైన్ సరిచేయాలి.

పోర్ట్‌ను 22 నుంచి 2222కి మార్చి, "రీస్టార్ట్ చేశాను, అయినా మారలేదు" అనేవాళ్లకి కూడా కారణం ఈ సాకెట్టే. ఉబుంటు 24.04లో కాన్ఫిగ్ ఫైల్ మార్చాక ఈ రెండూ చేయాలి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్

ఆల్మా, రాకీల్లో పోర్ట్ మారిస్తే ఎస్‌ఈలైనక్స్ కూడా ఒప్పుకోవాలి. కొత్త పోర్ట్‌ను దానికి పరిచయం చేయకపోతే సర్వీస్ స్టార్టే కాదు:

సుడో ఎస్‌ఈమేనేజ్ పోర్ట్ -ఏ -టీ ఎస్‌ఎస్‌హెచ్_పోర్ట్_టీ -పీ టీసీపీ 2222

ఒకవేళ నిన్నటిదాకా కనెక్ట్ అయి, నాలుగైదు సార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టాక హఠాత్తుగా "రిఫ్యూజ్డ్" మొదలైతే ఫెయిల్2బ్యాన్ మీద అనుమానం పెట్టుకోండి. అది మీ ఐపీని కొంతసేపు బయట నిలబెట్టింది. ఓ పావుగంట ఆగి, లేదా మొబైల్ డేటా మీద నుంచి ప్రయత్నించి చూడండి. దీనికి కూడా రీఇన్‌స్టాల్ అక్కర్లేదు.

మెసేజ్ 3: "రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్డ్"

స్క్రీన్ నిండా పెద్దక్షరాలతో, ఎవరో హ్యాక్ చేస్తున్నారన్నట్టు వస్తుంది ఇది. మీరు మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు సర్వర్ గుర్తింపు కీని మీ కంప్యూటర్ నోన్_హోస్ట్స్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. సర్వర్ రీఇన్‌స్టాల్ చేస్తే కొత్త కీ పుడుతుంది. అదే అడ్రస్, కానీ వేరే ముఖం! అందుకే ఆ అరుపు.

మీరే రీఇన్‌స్టాల్ చేసి ఉంటే పాత గుర్తు తీసేయండి. ఇందులో ఆర్ పెద్దక్షరం:

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఆర్ 192.168.1.50

మీరు ఏమీ మార్చకుండానే ఈ మెసేజ్ వస్తే మాత్రం పాత గుర్తు తీసేయకండి. సర్వర్ ముందు కూర్చుని ఈ కమాండ్‌తో అసలు వేలిముద్ర చూసి, మీ స్క్రీన్ మీద కనిపించేదానితో పోల్చండి:

ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్‌ఎఫ్ /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్_హోస్ట్_ఈడీ25519_కీ.పబ్

రెండూ ఒకటైతేనే ముందుకు వెళ్లండి.

మెసేజ్ 4: "పర్మిషన్ డినైడ్"

ఇక్కడిదాకా వచ్చారంటే మూడు మెట్లు దాటేశారు. ఫైర్‌వాల్, రౌటర్, పోర్ట్ అన్నీ మర్చిపోండి. తలుపు తెరుచుకుంది, లోపలి మనిషి మిమ్మల్ని గుర్తుపట్టట్లేదు. అంతే విషయం.

ఈ మెసేజ్ చివర బ్రాకెట్లలో ఏముందో చూశారా? దాన్ని ఎవరూ చదవరు, కానీ అసలు సమాధానం అక్కడే ఉంది. అక్కడ "పబ్లిక్‌కీ" అని మాత్రమే ఉంటే, ఈ సర్వర్ పాస్‌వర్డ్ తీసుకోదు, కీ ఉంటేనే రానిస్తుంది అని అర్థం. "పబ్లిక్‌కీ, పాస్‌వర్డ్" అని రెండూ ఉంటే పాస్‌వర్డ్ కూడా తీసుకుంటుంది, కానీ మీరిచ్చింది తప్పు.

పాస్‌వర్డ్ తీసుకునే సర్వర్ అయితే:

యూజర్‌నేమ్ చూసుకోండి. విండోస్‌లో పేరు ఇవ్వకుండా ఎస్‌ఎస్‌హెచ్ కొడితే మీ విండోస్ అకౌంట్ పేరే వెళ్తుంది. రూట్‌గా పాస్‌వర్డ్‌తో వెళ్లాలని చూస్తే కుదరదు. 2015లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.0 నుంచి రూట్‌కి పాస్‌వర్డ్ లాగిన్ డీఫాల్ట్‌గా ఆఫ్. మామూలు యూజర్‌గా వెళ్లి సుడో వాడండి. క్లౌడ్‌లో అయితే ఉబుంటు ఇమేజ్‌కి యూజర్‌నేమ్ "ఉబుంటు", అమెజాన్ లైనక్స్‌కి "ఈసీ2-యూజర్".

పాస్‌వర్డ్‌లో @ ఉందా? ఇది మన దగ్గర చాలామందికి తగిలే దెబ్బ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీబోర్డు లేఔట్ దగ్గర యూకే ఇంగ్లిష్ ఎంచుకుంటే @, డబుల్ కోట్ గుర్తు రెండూ చోట్లు మార్చుకుంటాయి. మీరు @ అనుకుని నొక్కినది పాస్‌వర్డ్‌లో కోట్ గుర్తుగా పడింది. సర్వర్ ముందు కూర్చుని కొడితే లాగిన్ అవుతుంది, ల్యాప్‌టాప్ నుంచి కొడితే కాదు! సర్వర్ ముందు యూజర్‌నేమ్ అడిగేచోట షిఫ్ట్, 2 నొక్కి ఏం పడుతుందో చూస్తే విషయం తేలిపోతుంది. పాస్‌వర్డ్ అడిగేచోట అక్షరాలు కనిపించవు కాబట్టి అక్కడ కనిపెట్టలేరు.

కీ వాడే సర్వర్ అయితే:

ఫైల్ పర్మిషన్లు చూడండి. సర్వర్‌లో మీ కీ ఉండే ఆథరైజ్డ్_కీస్ ఫైల్‌ను వేరేవాళ్లు కూడా మార్చగలిగేలా ఉంటే, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని నమ్మదు. పైకి ఏమీ చెప్పకుండా పక్కన పెట్టేస్తుంది. సర్వర్‌లో ఇవి కొట్టండి:

సీహెచ్‌మోడ్ 700 ~/.ఎస్‌ఎస్‌హెచ్
సీహెచ్‌మోడ్ 600 ~/.ఎస్‌ఎస్‌హెచ్/ఆథరైజ్డ్_కీస్

హోమ్ ఫోల్డర్‌కి 777 ఇచ్చినా ఇదే సమస్య. "పర్మిషన్ ప్రాబ్లమ్ కదా, అన్నీ 777 చేసేద్దాం" అనుకుంటే ఉన్న లాగిన్ కూడా పోతుంది.

మీ వైపు సరైన కీ పంపుతున్నారా? చాలా కీలు ఉంటే క్లయింట్ వరసగా ఒక్కోటీ చూపిస్తుంది. డీఫాల్ట్‌గా ఒక కనెక్షన్‌లో 6 ప్రయత్నాలే. అసలు కీ వంతు వచ్చేలోపే "టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్" అని బయటికి పంపేస్తుంది. ఏ కీ వాడాలో -ఐ తో ఫైల్ పేరు ఇచ్చి, దాంతోపాటు "-ఓ ఐడెంటిటీస్‌ఓన్లీ=ఎస్" అని చెప్పండి.

కాన్ఫిగ్ మార్చినా పట్టించుకోవట్లేదా? ఉబుంటులో /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ అనే మెయిన్ ఫైల్ పైభాగంలోనే, ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ అనే ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ చదవమని ఒక లైన్ ఉంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నియమం ఏంటంటే, ఒక సెట్టింగ్ మొదట ఎక్కడ కనిపిస్తే అదే లెక్క, తర్వాత వచ్చేది చెల్లదు. ఆ ఫోల్డర్‌లో 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్ అనే ఫైల్ ఉండి, అందులో పాస్‌వర్డ్ లాగిన్ "నో" అని ఉంటే, మెయిన్ ఫైల్‌లో మీరు ఎన్నిసార్లు "ఎస్" అని రాసినా లాభం లేదు. నిజంగా అమల్లో ఉన్న సెట్టింగ్స్ ఏంటో ఈ కమాండ్ చెప్తుంది. చివరి టీ పెద్దక్షరం:

సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ

ఏదీ తేలకపోతే రెండువైపులా వినండి

మెసేజ్ ఒక్కటే చాలనప్పుడు క్లయింట్‌ను కాస్త వివరంగా మాట్లాడమనండి:

ఎస్‌ఎస్‌హెచ్ -వీవీవీ యూజర్‌నేమ్@192.168.1.50

వచ్చే లైన్లన్నీ చదవక్కర్లేదు. "కనెక్షన్ ఎస్టాబ్లిష్డ్" కనిపించిందా? కనిపించకపోతే సమస్య నెట్‌వర్క్‌లో ఉంది. కనిపించిందంటే "ఆఫరింగ్ పబ్లిక్ కీ" అనే లైన్ దగ్గర మీరు అనుకున్న కీయే ఉందా చూడండి.

అదే సమయంలో సర్వర్ వైపు లాగ్ తెరిచి ఉంచండి:

సుడో జర్నల్‌సీటీఎల్ -యూ ఎస్‌ఎస్‌హెచ్ -ఎఫ్

ఇప్పుడు ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవ్వండి. లాగ్‌లో ఒక్క లైన్ కూడా కదలకపోతే మీ రిక్వెస్ట్ సర్వీస్ దాకా రాలేదు. లైన్ వస్తే కారణం చాలావరకు అక్కడే రాసి ఉంటుంది. క్లయింట్‌కి "పర్మిషన్ డినైడ్" అని ముక్తసరిగా చెప్పే సర్వర్, తన డైరీలో మాత్రం "ఈ ఫోల్డర్ పర్మిషన్లు సరిగా లేవు" అని వివరంగా రాసుకుంటుంది. బయటివాళ్లకి ఎక్కువ చెప్తే దొంగలకి ఉపయోగపడుతుంది కదా!

మీ తలుపు మీరే మూసేసుకోకండి

కొత్త సర్వర్‌లో ఫైర్‌వాల్ ఆన్ చేద్దామని "సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్" కొడతారు. "ఇప్పుడున్న ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్లకి అంతరాయం రావచ్చు, సరేనా?" అని అది అడుగుతుంది కూడా. మనం చదవకుండా వై కొట్టేస్తాం. డీఫాల్ట్‌గా యూఎఫ్‌డబ్ల్యూ బయటి నుంచి వచ్చేవన్నీ ఆపేస్తుంది. ఇంట్లో మెషీన్ అయితే లేచి వెళ్లి సరిచేస్తాం. ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంటే ప్రొవైడర్ ఇచ్చే వెబ్ కన్సోల్ ఒక్కటే దారి. కాబట్టి వరస ఎప్పుడూ ఇదే:

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్
సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్

మొదటి కమాండ్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే పేరులో ఓ, ఎస్, ఎస్, హెచ్ పెద్దక్షరాలు. పోర్ట్ మార్చి ఉంటే దాని బదులు 2222/టీసీపీ అని ఇవ్వండి.

ఇంకా భయంగా ఉందా? ఎనేబుల్ చేసే ముందు ఒక భద్రతా తాడు కట్టుకోండి. ఈ కమాండ్ 5 నిమిషాల తర్వాత ఫైర్‌వాల్‌ను దానంతటదే ఆఫ్ చేస్తుంది:

సుడో సిస్టమ్‌డీ-రన్ --ఆన్-యాక్టివ్=5ఎం యూఎఫ్‌డబ్ల్యూ డిసేబుల్

ఈలోపు ఫైర్‌వాల్ ఆన్ చేసి, కొత్త విండోలో కనెక్ట్ అయి చూడండి. పనిచేస్తే 5 నిమిషాలు గడిచాక మళ్లీ ఎనేబుల్ చేసేయండి. పనిచేయకపోతే అది తెరుచుకునేదాకా ఓ టీ తాగండి.

కాన్ఫిగ్ మార్చేటప్పుడు రెండు అలవాట్లు చేసుకోండి. రీస్టార్ట్‌కి ముందు "సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ" కొట్టండి, ఈసారి టీ చిన్నక్షరం. తప్పులుంటే చెప్తుంది, లేకపోతే మౌనంగా ఉంటుంది. రెండోది, ఉన్న విండోను మూయకుండా ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి. అది కుదిరాకే పాతది మూయండి.

ఇంట్లో పనిచేస్తుంది, ఊరెళ్తే పనిచేయదు!

పండక్కి ఊరెళ్లి అక్కడి నుంచి కనెక్ట్ అవుదామంటే టైమ్డ్ అవుట్. 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు ఇంటి లోపల మాత్రమే చెల్లుతాయి. బయటి నుంచి రావాలంటే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, పబ్లిక్ ఐపీతో రావాలి. అది పెట్టినా రాకపోతే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ ఏముందో చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నారు. ఐపీవీ4 అడ్రస్‌ల కొరత వల్ల ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి కలిపి ఇచ్చే పద్ధతి ఇది. దీనికోసమే 2012లో ఆ అడ్రస్‌లను విడిగా కేటాయించారు. మీ రౌటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా ప్రొవైడర్ దగ్గరి తలుపు మీ చేతిలో ఉండదు.

దారులు రెండు: ప్రొవైడర్‌ను అడిగి స్టాటిక్ పబ్లిక్ ఐపీ తీసుకోవడం, లేదా టెయిల్‌స్కేల్ లాంటిది వాడడం. టెయిల్‌స్కేల్‌ను సర్వర్‌లో, ఫోన్‌లో వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే రెండింటికీ ఒక ప్రైవేట్ నెట్‌వర్క్ ఏర్పడుతుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అక్కర్లేదు, వ్యక్తిగత వాడకానికి ఉచిత ప్లాన్ ఉంది. ఇది ఇచ్చే అడ్రస్‌లు కూడా 100తోనే మొదలవుతాయి, తికమక పడకండి.

నా సలహా రెండోదే. 22 పోర్ట్‌ను నేరుగా ఇంటర్నెట్‌కి తెరిస్తే, కాసేపటికే లాగ్‌లో "ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్" అని లైన్లు పడటం మొదలవుతుంది. అవి ప్రపంచంలో తెరిచి ఉన్న ప్రతి తలుపునీ తట్టి చూసే బాట్లు. పబ్లిక్‌గా తెరవాల్సిందే అయితే ముందు కీతో లాగిన్ పనిచేస్తోందని చూసుకుని, తర్వాత పాస్‌వర్డ్ లాగిన్ ఆఫ్ చేయండి.

ఒక్క చూపులో

టైమ్డ్ అవుట్, నో రూట్: అడ్రస్, నిద్ర, వైఫై, ఫైర్‌వాల్ చూడండి. పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి.

రిఫ్యూజ్డ్: మెషీన్ బాగానే ఉంది. సర్వీస్ ఉందా, ఏ పోర్ట్‌లో వింటోంది అని చూడండి.

ఐడెంటిఫికేషన్ చేంజ్డ్: రీఇన్‌స్టాల్ చేసింది మీరేనా? కాకపోతే వేలిముద్ర పోల్చండి.

పర్మిషన్ డినైడ్: నెట్‌వర్క్ బాగానే ఉంది. బ్రాకెట్లలో మాట చదివి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కీ, పర్మిషన్లు చూడండి.

ఇవన్నీ చూశాక కూడా రీఇన్‌స్టాల్ తప్పదనిపిస్తే, చేయండి. కాకపోతే దానికి ముందు ఆ డిస్క్‌లో ఏముందో ఒక్కసారి గుర్తుచేసుకోండి, ఇంకోచోట కాపీ ఉందో లేదో చూసుకోండి. మా చెల్లి పెళ్లి ఫొటోలు కొన్ని బంధువుల వాట్సాప్‌లో దొరికాయి, మసకమసకగా. మిగతావి లేవు. ఆ ల్యాప్‌టాప్ మాత్రం ఇప్పటికీ టీవీ వెనకే ఉంది, మూత వేసే ఉంది, హాయిగా పనిచేస్తోంది. ప్రతి ఆదివారం దాంట్లోని ఫొటోల కాపీ ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కూడా వెళ్తోంది.